వార్ధక్యం – ఆసరా – స్వావలంబన

పెద్దలకు సలాము చేసినా, నమస్కరించినా వారు మనకు ఇచ్చే దీవెన ఒక్కటే: నిండు నూరేళ్లు బ్రతకమని. ఆ దీవెన మన దేశంలో కొంతవరకు ఫలిస్తున్నదనే చెప్పాలి. 1951 ప్రాంతంలో ఇక్కడ పుట్టిన బిడ్డ సగటు ఆయుర్దాయం సుమారు 32 సంవత్సరాలు. ఇప్పుడది 70 సంవత్సరాలకు చేరుకున్నది. 1961 జనాభా లెక్కలలో అరవై ఏళ్లు నిండినవారు సుమారు 2.47 కోట్ల మంది ఉండగా, 2011 లెక్కల నాటికి వారి సంఖ్య 10.38 కోట్లకు పెరిగింది. ఆయుష్షు పెరగడం సంతోషించవలసిన విషయమే. కాని పెరిగిన ఆ సంవత్సరాలు ఎట్లా గడుస్తున్నాయన్నది వేరే ప్రశ్న. తన పని తాను చేసుకుంటూ నలుగురిలో తిరుగుతూ గడిపే పదేళ్లు ఒక ఎత్తు. మంచం మీద పరుల చేతిని ఎదురుచూస్తూ గడిపే పదేళ్లు మరొక ఎత్తు.

పెద్దలను గౌరవించాలని ఈ పత్రిక చదివే విద్యార్థులకు మేము కొత్తగా చెప్పనక్కరలేదు. ఏ ఇంటిలో పుట్టినా, ఏ మతంలో పెరిగినా ఆ బోధ మనకు తల్లి ఒడిలోనే లభిస్తున్నది. మేము చెప్పదలచినది వేరు. ప్రేమతో, భక్తితో చేసిన సేవ కూడా ఒక్కొక్కప్పుడు వృద్ధులను మరింత అశక్తులను చేస్తుంది. ఎట్లాంటి ఆసరా వారిని నిలబెడుతుందో, ఎట్లాంటిది వారిని కూర్చోబెడుతుందో తెలుసుకొని సేవ చేయడం అవసరం. ఆ భేదాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

స్వావలంబన అంటే ఏమిటి?

వృద్ధుని ఆరోగ్యాన్ని రోగాల పేర్లతోనే కొలవడం మనకు అలవాటు. మధుమేహం ఉన్నదా, రక్తపోటు ఉన్నదా అని అడుగుతాము. అయితే రెండు రోగాలూ ఉండి ఉదయమే లేచి బజారుకు వెళ్లి కూరగాయలు తెచ్చే పెద్దమనిషి మన వీధిలోనే కనిపిస్తాడు. పేరు పెట్టదగిన రోగమేదీ లేకపోయినా గది దాటి రాలేని పెద్దమనిషీ కనిపిస్తాడు. కనుక రోగమేమిటి అన్న ప్రశ్నకు తోడు, ఏ పని చేసుకోగలుగుతున్నారు అన్న ప్రశ్న కూడా వేయాలి.

ఈ ప్రశ్నకు ఒక క్రమం ఏర్పరచినవారిలో అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ ముఖ్యుడు. తుంటి ఎముక విరిగిన వృద్ధులను క్లీవ్‌లాండ్ నగరంలో పరిశీలించి, ఆయన బృందం 1963లో ఒక పట్టికను ప్రకటించింది. అందులో ఆరు పనులున్నాయి: స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లి రావడం, మంచం మీదినుంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను అదుపులో ఉంచుకోవడం, అన్నం తినడం. సాధారణంగా ముందుగా పోయే శక్తి స్నానం. చివరిదాకా నిలిచేది చేతితో ముద్ద నోటికి తీసుకోవడం. పసిబిడ్డ ఈ పనులు నేర్చుకునే వరుసకు, కోలుకునే రోగి వీటిని తిరిగి సంపాదించుకునే వరుసకు పోలిక ఉన్నదని కాట్జ్ గమనించాడు.

1969లో లాటన్, బ్రోడీ అనే ఇద్దరు పరిశోధకులు మరి ఎనిమిది పనులతో ఇంకొక పట్టికను తయారుచేశారు. టెలిఫోను వాడడం, అంగడికి వెళ్లడం, వంట, ఇంటి పని, బట్టలుతుక్కోవడం, ప్రయాణం, వేళకు మందులు వేసుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం. మొదటి ఆరూ శరీరం నిలవడానికి కావలసినవైతే, ఈ ఎనిమిదీ సంసారం నడవడానికి కావలసినవి. ఆ తొలి పట్టికలో వంట, ఇంటి పని, బట్టలుతకడం అన్న మూడింటినీ పురుషుల విషయంలో లెక్కించలేదు. ఆ లోపం మన ఇళ్లలో కూడా ఉన్నది. భార్య బ్రతికి ఉన్నంతకాలం గ్లాసెడు టీ కాచుకోవడమైనా నేర్చుకోని మగవాడు, ఆమె పోయిన మరునాడే పరాధీనుడవుతున్నాడు. అతని కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. లేనిది అలవాటు మాత్రమే. మగపిల్లలు ఈ సంగతి ఇప్పుడే గ్రహిస్తే మంచిది.

ఒక దేశపు పట్టిక మరొక దేశానికి ఉన్నది ఉన్నట్లు సరిపోదు. టెలిఫోను ముట్టని, బ్యాంకు మెట్లెక్కని పల్లె వృద్ధురాలిని ఆ ప్రశ్నలు అడిగి లాభం లేదు. అందుచేతనే హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతంలో చదువురాని గ్రామీణ వృద్ధులకు తగినట్లు వేరే ప్రశ్నావళిని తయారుచేసి 1999లో ప్రకటించారు. ఇక దేశమంతటా 2017–18లో జరిపిన పెద్ద సర్వేలో అరవై దాటినవారిలో సుమారు నలుగురికి ఒకరు మొదటి రకం పనులలో ఏదో ఒకదానికి ఇబ్బంది పడుతున్నట్లు, దాదాపు సగం మంది రెండవ రకం పనులలో ఇబ్బంది పడుతున్నట్లు తేలింది. ఇది మనలో ప్రతి ఇంటి తలుపూ తట్టే విషయమని దీనివల్ల తెలుస్తున్నది.

ఆసరాలో నాలుగు విధాలు

ఆసరా అన్న మాట తెలుగులోను ఉర్దూలోను ఒకే అర్థంలో వాడుకలో ఉన్నది. ఆనుకొని నిలబడడానికి దొరికేది ఆసరా. మనిషికి మనిషి ఇచ్చే ఆసరాను జేమ్స్ హౌస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1981లో నాలుగు విధాలుగా విభజించాడు. మొదటిది మనసుకు ఇచ్చే ఆసరా: పక్కన కూర్చొని మాట వినడం. రెండవది పనిలో ఆసరా: నీళ్లు తోడి పెట్టడం, ఆసుపత్రికి తీసుకొనిపోవడం, డబ్బు ఇవ్వడం. మూడవది తెలియజెప్పే ఆసరా: పింఛనుకు ఏ కాగితం కావాలో, ఏ మందు భోజనానికి ముందు వేసుకోవాలో చెప్పడం. నాలుగవది విలువనిచ్చే ఆసరా: నీ మాటకు ఇంకా బరువున్నది, నీవు చేసినది బాగున్నది అని మనిషికి తెలిసేటట్లు నడచుకోవడం.

వృద్ధులకు సేవ అనగానే మనకు రెండవ విధం ఒక్కటే గుర్తుకు వస్తుంది. మిగిలిన మూడూ సేవలు కావన్నట్లు వదిలివేస్తాము. నాలుగవది మరీ అరుదు.

మనుషుల తోడు ప్రాణానికే ఆధారమని చెప్పే పరిశోధనలు చాలా ఉన్నాయి. కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీలో 1965లో సుమారు 6,900 మంది పెద్దవారి వివరాలు సేకరించి తొమ్మిదేళ్లపాటు గమనించారు. పెళ్లి, బంధుమిత్రులు, ప్రార్థనా మందిరం, సంఘాలు అన్న బంధాలు అతి తక్కువగా ఉన్నవారు, అవి మెండుగా ఉన్నవారికంటే రెండు రెట్లకు పైగా ఎక్కువగా మరణించినట్లు బర్క్‌మన్, సైమ్ అనే పరిశోధకులు 1979లో తెలిపారు. కనుక ఆసరా మంచిదనడంలో సందేహం లేదు. ఎంత ఆసరా, ఏ విధమైన ఆసరా అన్నదే విచారించవలసిన విషయం.

మా ఇంట జరిగినది

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పుకోక తప్పదు. మా అమ్మగారి తల్లిని మేము నానీ అని పిలిచేవారము. డెబ్బై దాటిన తరువాత కూడా సామాన్ల గది తాళపు చెవులు ఆమె కొంగుకే ఉండేవి. బియ్యం కొలిచి ఇచ్చేది ఆమె. మామిడికాయ ఊరగాయకు ఉప్పు పాలు నిర్ణయించేది ఆమె. సాయంకాలం వీధిలోని చిన్నపిల్లలు నలుగురైదుగురు వచ్చి ఆమె దగ్గర ఖాయిదా చదువుకునేవారు.

ఒకనాడు ఆమె స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స జరిగింది. ఇంటికి పంపేటప్పుడు, రోజూ కొంచెం కొంచెంగా నడిపించమని వైద్యులు స్పష్టంగానే చెప్పారు. కాని ఆమె మళ్లీ పడుతుందేమోనన్న భయం మమ్మల్ని వదలలేదు. నీళ్లు, అన్నం, మందులు, అన్నీ మంచం దగ్గరకే తెచ్చాము. కంచం పట్టుకుంటే చేయి వణుకుతున్నదని మేమే తినిపించాము. శ్రమ ఎందుకని తాళపు చెవులు మా పిన్నిగారు తీసుకున్నారు. అలికిడి ఎందుకని పిల్లలను రావద్దన్నాము. ఆమె లేవబోతే, “కూర్చోండి నానీ, మేము లేమా?” అన్నాము. ఊరివారందరూ మా సేవను మెచ్చుకున్నారు.

మూడు నెలలు గడిచేసరికి విరిగిన ఎముక అతికింది. మనిషి మాత్రం కుంగిపోయింది. విరగని కాలు కూడా నిలవడం మానేసింది. పగలు రాత్రి అన్న తేడా తప్పి మాట్లాడేది. ఒక సాయంకాలం పక్క ఇంటి చిన్నపిల్ల, వద్దన్న సంగతి మరచిపోయి, పుస్తకం పట్టుకొని లోపలికి వచ్చింది. పాఠం తప్పు చదివింది. మంచంమీదినుంచే నానీ సరిదిద్దింది. తరువాత, “నన్ను కూర్చోబెట్టండి, అక్షరం కనిపించడం లేదు” అన్నది. ఆమె తనంతట తాను ఒక కోరిక కోరి అప్పటికి ఎన్నో వారాలయింది.

ఆ మరునాటినుంచి పిల్లలు రావడానికి ఒప్పుకున్నాము. వారి పాఠం కోసం ఆమె కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. కుర్చీ వరండాలో ఉన్నది గనుక అక్కడిదాకా నడవవలసి వచ్చింది. మొదట ఇద్దరి భుజాలమీద, తరువాత ఒకరి భుజంమీద, చివరకు వాకరుతో నడిచింది. తాళపు చెవులు తిరిగి ఆమెకే ఇచ్చాము. ఆమె పూర్వపు మనిషి కాలేదు. మెట్లు మళ్లీ ఎక్కలేదు, పొయ్యి దగ్గరకు వెళ్లలేదు. కాని తరువాత బ్రతికిన రెండేళ్లూ మరుగుదొడ్డికి తానే వెళ్లింది, తన చేతితో తాను తిన్నది. మేము సేవ అనుకొని చేసినది ఆమె పనులను ఒక్కొక్కటిగా జప్తు చేయడమేనని అప్పటికి మాకు అర్థమయింది. ఆ మూడు నెలలు మేము ఆమెకు తిరిగి ఇవ్వలేకపోయాము.

శాస్త్రం చెప్పే కారణాలు

మా నానీకి జరిగినదానికి కారణాలు ఊహించడం కష్టం కాదు. మొదటి కారణం శరీరానిది. అరవై దాటిన ఆరోగ్యవంతులైన కొందరిని పది రోజులు పూర్తిగా మంచంమీద ఉంచి చూడగా, వారి కాళ్లనుండి సగటున సుమారు ఒక కిలో కండ తగ్గిపోయినట్లు 2007లో ప్రకటించిన ఒక పరిశోధనలో తేలింది. ఆరోగ్యవంతులకే పది రోజులలో అంత నష్టమైతే, శస్త్రచికిత్స అయిన డెబ్బై ఏళ్ల మనిషి మూడు నెలలలో ఏమవుతుందో ఆలోచించవచ్చు. అయితే పోయిన బలం తిరిగి రాదనుకోవడం కూడా పొరపాటే. 1990లో బోస్టన్ ప్రాంతంలో సుమారు తొంభై ఏళ్ల వయస్సుగల కొద్దిమంది బలహీనులచేత ఎనిమిది వారాలు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయించగా, వారి కండరాల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్లకు కూడా కండరం పనిచెబితే వింటుంది. పని చెప్పకపోతే మరచిపోతుంది. మన పాతకాలపు ఇళ్లలో నేలమీద కూర్చొని తిని లేవడం, నమాజులో వంగి లేవడం, గింజలు చెరగడం తెలియకుండానే ఈ వ్యాయామాన్ని అందించాయి.

రెండవ కారణం మనసుది. 1976లో లాంగర్, రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక వృద్ధాశ్రమంలో చిన్న ప్రయోగం చేశారు. ఒక అంతస్తులోని వృద్ధులకు, మీ గదిని, మీ కాలాన్ని మీరే నిర్ణయించుకోవాలని చెప్పి, ఒక్కొక్క మొక్కను ఇచ్చి దానికి వారే నీళ్లు పోయాలన్నారు. మరొక అంతస్తువారికి, మీ సుఖం మా బాధ్యత అని చెప్పి, మొక్కలను ఇచ్చి వాటికి నర్సులచేత నీళ్లు పోయించారు. మూడు వారాల తరువాత మొదటివారు ఎక్కువ చురుకుగా, ఎక్కువ సంతోషంగా కనిపించారు. ఇది చిన్న ప్రయోగం. దీనిమీదనే సిద్ధాంతాలు కట్టడం తగదు. అయినా మా నానీ తాళపు చెవులు, వారి మొక్కలు ఒకే పని చేశాయని మేము నమ్ముతున్నాము.

మూడవ కారణం మన తొందర. తాతగారు చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. మనం పెడితే అర నిమిషం. రోజూ మనమే పెడితే కొన్ని నెలలలో ఆయన వేళ్లకు ఆ విద్య పోతుంది. అప్పుడు, ఆయనకు గుండీలు పెట్టుకోవడం రాదు గనుక మేమే పెడుతున్నామని చెబుతాము. కారణం ఏదో, ఫలితం ఏదో తారుమారవుతుంది.

1996లో టెరెసా సీమన్ బృందం అమెరికాలో డెబ్బై దాటిన వృద్ధులపై జరిపిన అధ్యయనంలో, పనిలో సహాయం ఎక్కువగా పొందే పురుషులలో తరువాతి కాలంలో కొత్తగా అశక్తత కలగడం ఎక్కువని కనిపించింది. దీనినిబట్టి సహాయమే హానికరమని తీర్పు చెప్పరాదు. అప్పటికే నీరసించేవారికే ఇంటివారు ఎక్కువ సహాయం చేసి ఉండవచ్చు. కాని అవసరానికి మించిన సహాయం మేలు చేయకపోవచ్చునన్న హెచ్చరిక మాత్రం ఇందులో ఉన్నది.

ఏమి చేయాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించిన నివేదికలో ఒక ముఖ్యమైన భావం ఉన్నది. మనిషి చేయగలిగినది అతని శరీరబలంమీద మాత్రమే గాక, అతడున్న పరిసరాలమీద కూడా ఆధారపడుతుందన్నదే అది. గడప ఎత్తుగా ఉన్న ఇంటిలో బందీ అయిన మనిషి, గడప తగ్గించిన ఇంటిలో స్వతంత్రుడు. కనుక పెద్దల పని మనం చేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: ఈ పని వారు, ఎంత ఆలస్యమైనా, తామే చేసుకోగలరా? చేసుకోగలిగితే మనం చేయవలసిన సేవ ఓపిక పట్టడమే. రెండవది: వస్తువునో, స్థలాన్నో మారిస్తే చేసుకోగలరా? మరుగుదొడ్డి గోడకు ఒక కడ్డీ, జారని నేల, రాత్రివేళ ఒక చిన్న దీపం, సరైన ఎత్తు మంచం, కంటిపొరకు శస్త్రచికిత్స, చెవికి యంత్రం: వీటిలో ఏ ఒక్కటైనా ఒక మనిషి చాకిరీకంటే ఎక్కువ మేలు చేయవచ్చు. మూడవది: ఈ రెండూ కుదరనప్పుడు, పనిలో ఏ భాగం వారిచేత కావడం లేదు? ఆ భాగానికి మాత్రమే చేయి అందించి మిగిలినది వారికే వదలాలి. వీపు రుద్దవలసి వస్తే వీపు రుద్దుదాము; చెంబు వారి చేతిలోనే ఉండనిద్దాము. ఇక ఏమీ చేయలేని స్థితిలో మంచం పట్టినవారికి అన్నీ మనమే చేయాలి. అక్కడ కూడా ఏ బట్ట కట్టాలో, ఎప్పుడు తినాలో వారినే అడగవచ్చు.

ప్రభుత్వాలు కూడా కొంత ఆసరా కల్పించాయి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు పోషించనప్పుడు వృద్ధులు ఈ చట్టం కింద ట్రిబ్యునలుకు దరఖాస్తు చేసుకొని మనోవర్తి పొందవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2014లో పింఛను పథకాన్ని ఆసరా అన్న పేరుతోనే ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలయింది. సలహాకు, సహాయానికి 14567 అన్న ఉచిత టెలిఫోను సంఖ్య ఉన్నది. అయితే పింఛను డబ్బు వృద్ధుని చేతికి వచ్చి, ఆయన ఇష్టప్రకారం ఖర్చయినప్పుడే అది స్వావలంబన. ఆ డబ్బు మనుమడి జేబులోకి పోతే పింఛను ఉన్నది గాని ఆసరా లేదు.

విద్యార్థి మిత్రులు ఒక చిన్న అలవాటు చేసుకోవాలని మా కోరిక. పెద్దలకు బదులుగా బ్యాంకుకు వెళ్లడానికి ముందు, వారి వెంట వెళ్లడం సాధ్యమేమో చూడండి. సమయం ఎక్కువ పడుతుంది. దారిలో నలుగురు పలకరిస్తారు. లెక్క వారే చూసుకుంటారు. ఆ నడక, ఆ పలకరింపు, ఆ లెక్క, ఈ మూడూ వారికి మందులే.

కళాశాల పాలకవర్గంవారికి కూడా మా మనవి ఒకటున్నది. పిల్లల ప్రవేశాల కాలంలో ఎందరో తాతలు, అవ్వలు మనుమల వెంట మన కార్యాలయానికి వస్తారు. వారికోసం మెట్ల పక్కన ఒక పట్టుకడ్డీ, కింది అంతస్తులో రెండు బల్లలు, చేరువలో తాగునీరు ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చు కాదు. జాతీయ సేవా పథకం విద్యార్థులు వీధులు ఊడ్వడంతోపాటు, ఒంటరిగా ఉన్న వృద్ధుల ఇళ్లకు వారానికొకసారి వెళ్లే ఏర్పాటు కూడా చేయవచ్చు. వెళ్లినవారు సేవ చేసి వచ్చేయడం కాదు. ఆ పెద్దలనుంచి ఏదో ఒకటి నేర్చుకొని రావాలి. పాత దస్తావేజు చదవడమో, ఒక కుట్టుపనో, ఊరి చరిత్రో ఏదైనా కావచ్చు. ఇంకా చెప్పవలసినది తమవద్ద ఉన్నదని, దానికోసం ఒకరు వస్తారని తెలిసిన మనిషి లేచి కూర్చుంటాడు. ఈ సంగతి మేము పుస్తకాలలో చదవకముందే, ఖాయిదా పట్టుకొని వచ్చిన ఒక చిన్నపిల్ల వల్ల నేర్చుకున్నాము.